కంప్యూటరులో గడియారం, టైమ్ జోన్ సరిగా అమర్చుకోవడం: అడుగడుగునా సమగ్ర మార్గదర్శి

కంప్యూటరులో టైము ఎన్నిసార్లు దిద్దినా మళ్లీ తప్పుతోందని, బ్యాంకు సైటు తెరుచుకోవడం లేదని, బిల్లు మీద నిన్నటి తేదీ పడుతోందని పాఠకులు తరచుగా అడుగుతున్నారు. భీమవరంలో రొయ్యల మేత అమ్మేవారైనా, అంబాజీపేటలో కొబ్బరి వ్యాపారులైనా, రావులపాలెం, మండపేటల్లో ఇంటర్నెట్ సెంటరు నడిపేవారైనా చెప్పే లక్షణాలు వేరువేరుగా ఉంటాయి గాని, మూలం చాలావరకు ఒక్కటే. తెర మీద కనిపించే అంకెలను దిద్దుతున్నారు; ఆ అంకెలు ఏ టైమ్ జోన్ లెక్కన వస్తున్నాయో చూడడం లేదు.

ఈ వ్యాసంలో చెప్పే క్రమం ఇది: ముందు టైమ్ జోన్, తరువాత తేదీ, ఆ తరువాత గంటలు నిమిషాలు, చివరికి ఇంటర్నెట్ ద్వారా సరిచూసుకోవడం. ఈ వరుస తారుమారైతే ఈరోజు సరిపోయినట్టు కనిపించిన గడియారం రేపు మళ్లీ తప్పుతుంది.

1. కంప్యూటరు టైమును ఎలా లెక్కిస్తుంది

కంప్యూటరు లోపల నడిచే అసలు లెక్క మన భారత కాలమానం కాదు. విండోస్ గాని, లినక్స్ గాని, మ్యాక్ గాని లోపల యూటీసీ అనే అంతర్జాతీయ కాలాన్ని పట్టుకుని నడుస్తాయి. మీరు ఎంచుకున్న టైమ్ జోన్‌ను బట్టి దానికి కొన్ని గంటలు కలిపి గాని, తీసివేసి గాని తెర మీద చూపిస్తాయి. మనకు కలపవలసినది 5 గంటల 30 నిమిషాలు. దేశమంతటికీ ఒకే కాలమానం కాబట్టి, వేసవిలో గడియారం ముందుకు జరిపే పద్ధతి మనకు లేదు కాబట్టి, ఈ అంకె ఏడాది పొడవునా మారదు.

ఒక ఉదాహరణ వివరంగా చూద్దాం. జనవరిలో ఒక ఉదయం సరిగ్గా 10 గంటలైంది. అప్పుడు యూటీసీ 4 గంటల 30 నిమిషాలు. మీ కంప్యూటరులో కొత్తగా విండోస్ ఎక్కించినవారు టైమ్ జోన్‌ను అమెరికా పసిఫిక్ కాలమానంలోనే వదిలేశారు. అది యూటీసీకి 8 గంటలు వెనుక. కాబట్టి తెర మీద ముందురోజు రాత్రి 8 గంటల 30 నిమిషాలు కనిపిస్తుంది. మీరు దాన్ని చూసి, చేత్తో ఉదయం 10 అని దిద్దారు. తెర మీద సరిపోయింది. కాని కంప్యూటరు మాత్రం ‘పసిఫిక్ కాలంలో ఉదయం 10 అంటే యూటీసీ సాయంత్రం 6’ అని లెక్కవేసుకుంది. అంటే లోపలి కాలం 13 గంటల 30 నిమిషాలు ముందుకు వెళ్లిపోయింది.

ఇప్పుడు రెండు జరుగుతాయి. లోపలి కాలం మీద ఆధారపడే పనులన్నీ, అంటే కంప్యూటరులోని యాప్ ద్వారా వచ్చే ముప్పై సెకన్ల లాగిన్ కోడ్‌లు, డిజిటల్ సంతకాలు, మెయిల్ వెళ్లిన సమయం, తప్పుతాయి. ఆపైన, కంప్యూటరు ఇంటర్నెట్‌తో టైమును సరిచూసుకున్న వెంటనే మీరు దిద్దిన అంకె పోయి మళ్లీ ముందురోజు రాత్రి కనిపిస్తుంది. ‘టైము నిలబడడం లేదండీ’ అనే ఫిర్యాదులో పెద్ద భాగం ఇదే. గడియారం చెడిపోలేదు, అది తనకు చెప్పిన జోన్ ప్రకారం సరిగ్గానే నడుస్తోంది.

2. ఏదీ మార్చకముందు తేడాను కొలవండి

చాలామంది ఈ అడుగును వదిలేస్తారు. నా దృష్టిలో ఇదే అన్నిటికన్నా విలువైనది, ఎందుకంటే తేడా ఎంతో తెలిస్తే జబ్బు ఏమిటో దాదాపు తెలిసిపోతుంది. మీ సెల్‌ఫోనులో తేదీ, సమయం ‘ఆటోమేటిక్’లో ఉన్నాయో లేదో ముందు చూసుకోండి. ఉంటే దాని పక్కన కంప్యూటరును పెట్టి, తేదీతో సహా రెండూ కాగితం మీద రాయండి. తరువాత ఈ కింది వాటితో పోల్చండి.

• 13 గంటల 30 నిమిషాలు వెనుక, లేదా అమెరికా వేసవి కాలంలో 12 గంటల 30 నిమిషాలు వెనుక: టైమ్ జోన్ అమెరికా పసిఫిక్‌లో ఉంది.
• 5 గంటల 30 నిమిషాలు వెనుక: టైమ్ జోన్ యూటీసీలో ఉంది, లేదా అదే యంత్రంలో విండోస్, లినక్స్ రెండూ ఉన్నాయి.
• 1 గంట 30 నిమిషాలు వెనుక: జోన్ అబూధాబి, మస్కట్‌లో ఉంది. 2 గంటల 30 నిమిషాలు వెనుక: కువైట్, రియాద్‌లో ఉంది. కోనసీమలో గల్ఫ్ నుంచి తిరిగి వచ్చినవారి ల్యాప్‌టాప్‌లలో ఈ రెండూ సాధారణం.
• 30 నిమిషాలు వెనుక: ఇస్లామాబాద్, కరాచీ జోన్. 30 నిమిషాలు ముందు: ఢాకా జోన్. 15 నిమిషాలు ముందు: ఖాట్మండు జోన్. జాబితాలో మన వరుసకు పైనా కిందా ఇవే ఉండడం వల్ల వేలు జారి పడేవి ఇవి.
• సరిగ్గా 12 గంటలు: ఏఎం, పీఎం తారుమారైంది.
• కొద్ది నిమిషాలు మాత్రమే: ఇంటర్నెట్‌తో సరిచూసుకోవడం ఆగిపోయింది.
• నెలలు, ఏళ్లు వెనుక, అదీ కరెంటు పోయి వచ్చిన ప్రతిసారీ: మదర్‌బోర్డు (కంప్యూటరు లోపలి ప్రధాన సర్క్యూట్ పలక) మీది బ్యాటరీ అయిపోయింది. నేరుగా 8వ అంశానికి వెళ్లండి.

తేడా గుండ్రని అంకె అయితే జోన్‌ను అనుమానించాలి. అడ్డదిడ్డంగా ఉంటే బ్యాటరీనో, ఇంటర్నెట్‌లో టైము అందించే సర్వరునో అనుమానించాలి.

3. మొదలుపెట్టే ముందు సిద్ధం చేసుకోవలసినవి

• ట్యాలీ, బిల్లింగ్ సాఫ్ట్‌వేర్, ఎక్సెల్ వంటివన్నీ సేవ్ చేసి మూసివేయండి. అవి తెరిచి ఉండగా తేదీ వెనక్కి గాని ముందుకు గాని గెంతితే కొన్ని ప్రోగ్రాములు తికమకపడతాయి.
• అడ్మినిస్ట్రేటర్ ఖాతాతో లాగిన్ కండి. విండోస్‌లో మామూలు ఖాతాదారుకు టైమ్ జోన్ మార్చే వీలు సాధారణంగా ఉంటుంది గాని, గడియారాన్ని మార్చే అధికారం ఉండదు.
• ఇంటర్నెట్ పనిచేస్తోందో లేదో చూసుకోండి. వీపీఎన్ (మీ ఇంటర్నెట్‌ను వేరే చోటి సర్వరు మీదుగా నడిపే సాఫ్ట్‌వేర్) వాడుతుంటే ఆపివేయండి.
• కంప్యూటరు బ్యాంకుదో, ప్రభుత్వ కార్యాలయానిదో అయి, తెర మీద ‘ఈ సెట్టింగులను మీ సంస్థ నిర్వహిస్తోంది’ అనే అర్థం వచ్చే ఇంగ్లిషు వాక్యం ఉంటే, అక్కడితో ఆగండి. అటువంటి యంత్రాలు సంస్థ సర్వరు నుంచి టైము తీసుకుంటాయి. సర్వరుకూ వీటికీ సాధారణంగా ఐదు నిమిషాలకు మించి తేడా ఉంటే లాగిన్ కూడా కుదరదు కాబట్టి, మీ ఐటీ సిబ్బందికి చెప్పడమే దారి.

4. విండోస్ 10, 11లో క్రమంగా చేయవలసిన పని

మొదటి అడుగు. కింది పట్టీలో కుడివైపు కనిపించే టైము మీద మౌస్ కుడి బటన్ నొక్కి, ‘అడ్జస్ట్ డేట్ అండ్ టైమ్’ ఎంచుకోండి. అలా రాకపోతే ‘సెట్టింగ్స్’లో ‘టైమ్ అండ్ లాంగ్వేజ్’, దానిలో ‘డేట్ అండ్ టైమ్’ తెరవండి.

రెండవ అడుగు. ‘సెట్ టైమ్ ఆటోమేటికల్లీ’ని, ‘సెట్ టైమ్ జోన్ ఆటోమేటికల్లీ’ని రెండింటినీ తాత్కాలికంగా ఆపివేయండి. ఇవి నడుస్తుండగా మీరు చేసే మార్పును కంప్యూటరు మధ్యలో తిరగరాయవచ్చు.

మూడవ అడుగు. ‘టైమ్ జోన్’ జాబితా తెరిచి ‘యూటీసీ+05:30 చెన్నై, కోల్‌కతా, ముంబై, న్యూఢిల్లీ’ అనే వరుసను ఎంచుకోండి. జాబితాలో హైదరాబాదు గాని, విజయవాడ గాని ఉండవు. వాటి కోసం వెతికి, దొరకక, ఏదో ఒకటి నొక్కేసేవారున్నారు. అదే 05:30తో ‘శ్రీ జయవర్ధనపుర’ అని ఇంకొక వరుస కూడా ఉంటుంది. అది శ్రీలంకది. గంటలు సరిపోతాయి కనుక తప్పు పట్టుబడదు గాని, మనది కాని జోన్‌ను ఉంచుకోవలసిన అవసరం లేదు.

ఇక్కడ ఒక క్షణం ఆగి గడియారం చూడండి. జోన్ ఒక్కటే తప్పయి ఉంటే, ఈ అడుగుతోనే టైము సరైపోతుంది. అప్పుడు నాలుగు, ఐదు అడుగులు అక్కర్లేదు.

నాలుగవ అడుగు. ఇంకా తేడా ఉంటే ‘సెట్ ద డేట్ అండ్ టైమ్ మాన్యువల్లీ’ పక్కనున్న ‘చేంజ్’ నొక్కండి. ముందుగా సంవత్సరం చూడండి, తరువాత నెల, తరువాత రోజు. అందరి కన్నూ రోజు మీదకే పోతుంది. సంవత్సరం తప్పుగా ఉన్నా గమనించరు. నెల పేరు అక్షరాల్లో ఉంటుంది కాబట్టి దాన్ని చదివి నిర్ధారించుకోండి.

ఐదవ అడుగు. గంటలు, నిమిషాలు దిద్దండి. మధ్యాహ్నం పన్నెండు అంటే 12 పీఎం, అర్ధరాత్రి పన్నెండు అంటే 12 ఏఎం. ఇక్కడ సెకన్ల దాకా సరిపోవలసిన పని లేదు. రెండు మూడు నిమిషాల లోపు ఉంటే చాలు. మిగిలింది తరువాతి అడుగు చూసుకుంటుంది.

ఆరవ అడుగు. ‘సెట్ టైమ్ ఆటోమేటికల్లీ’ని తిరిగి ఆన్ చేయండి. ‘సెట్ టైమ్ జోన్ ఆటోమేటికల్లీ’ని మాత్రం ఆపే ఉంచండి. ఇది కంప్యూటరు ఎక్కడుందో ఊహించి జోన్ మారుస్తుంది. వైఫై లేని డెస్క్‌టాప్‌లలో, వీపీఎన్ వాడేవారి యంత్రాల్లో ఆ ఊహ తప్పే వీలుంది. దేశమంతటా ఒకే జోన్ ఉన్నప్పుడు, తణుకులోనో అమలాపురంలోనో బల్ల మీద కదలకుండా ఉండే కంప్యూటరుకు ఆ సదుపాయంతో పని లేదు. తరచూ విదేశాలకు వెళ్లే ల్యాప్‌టాప్‌కు మాత్రమే అది ఉపయోగం.

ఏడవ అడుగు. ‘సింక్ నౌ’ బటన్ నొక్కండి. పక్కన పచ్చని టిక్ గుర్తు వచ్చి, చివరిసారి సరిచూసుకున్న సమయం ఇప్పటిదిగా మారాలి.

నేటికీ విండోస్ 7తో నడుస్తున్న పాత యంత్రాల్లో, గడియారం మీద నొక్కి ‘చేంజ్ డేట్ అండ్ టైమ్ సెట్టింగ్స్’లోకి వెళ్తే ఒకే చిన్న కిటికీలో అన్నీ ఉంటాయి. క్రమం అదే: ముందు ‘చేంజ్ టైమ్ జోన్’, తరువాత ‘చేంజ్ డేట్ అండ్ టైమ్’, చివరికి ‘ఇంటర్నెట్ టైమ్’ ట్యాబ్.

5. ‘సింక్ నౌ’ నొక్కినా సరికాకపోతే

సర్వరు పనిచేయడం లేదని అనుకునే ముందు ఒక సంగతి గమనించాలి. సొంతంగా వాడుకునే విండోస్ కంప్యూటరులో లోపలి కాలానికీ సర్వరు కాలానికీ తేడా 15 గంటలు దాటితే, విండోస్ ఆ దిద్దుబాటును సాధారణంగా అంగీకరించదు. అంత పెద్ద మార్పు సర్వరు పొరపాటు కావచ్చని దాని జాగ్రత్త. అందుకే బ్యాటరీ అయిపోయి ఏళ్ల వెనక్కి వెళ్లిన కంప్యూటరులో ‘సింక్ నౌ’ ఎన్నిసార్లు నొక్కినా ఫలితం ఉండదు. ముందు తేదీని చేత్తో దగ్గరికి తెచ్చి, ఆ తరువాతే సింక్ చేయాలి.

తేదీ దగ్గరగానే ఉన్నా సింక్ కుదరకపోతే, ఈ వరుసలో చూడండి.

• విండోస్ మీటతో పాటు ఆర్ నొక్కి ‘సర్వీసెస్ డాట్ ఎంఎస్‌సీ’ తెరవండి. ‘విండోస్ టైమ్’ అనే వరుస మీద రెండుసార్లు నొక్కి, ‘స్టార్టప్ టైప్’ను ‘ఆటోమేటిక్’ చేసి, ‘స్టార్ట్’ నొక్కండి.
• కంట్రోల్ ప్యానెల్‌లో ‘డేట్ అండ్ టైమ్’ తెరిచి, ‘ఇంటర్నెట్ టైమ్’ ట్యాబ్‌లో ‘చేంజ్ సెట్టింగ్స్’ నొక్కండి. అక్కడ సర్వరు పేరు మార్చి ‘అప్‌డేట్ నౌ’ అనవచ్చు.
• అప్పటికీ రాకపోతే మీ ఇంటర్నెట్ రౌటరు గాని, యాంటీవైరస్ గాని టైము సమాచారం వచ్చిపోయే దారిని, అంటే 123వ నంబరు యూడీపీ పోర్టును, అడ్డుకుంటూ ఉండవచ్చు. ఫోను హాట్‌స్పాట్‌కు కంప్యూటరును కలిపి ఒకసారి సింక్ చేసి చూడండి. హాట్‌స్పాట్ మీద కుదిరితే లోపం మీ రౌటరులో ఉన్నట్టే.

ఏ సర్వరు పెట్టుకోవాలని అడిగేవారికి: విండోస్‌తో వచ్చే ‘టైమ్ డాట్ విండోస్ డాట్ కామ్’ ఇంటి అవసరాలకు చాలు. మన దేశంలో భారత కాలమానాన్ని నిలబెట్టే బాధ్యత న్యూఢిల్లీలోని జాతీయ భౌతిక ప్రయోగశాలది. దాని సర్వరు ‘టైమ్ డాట్ ఎన్‌పీఎల్‌ఇండియా డాట్ ఓఆర్‌జీ’. నేషనల్ ఇన్ఫర్మాటిక్స్ సెంటరు సర్వర్లు ‘సమయ్1 డాట్ ఎన్‌ఐసీ డాట్ ఇన్’, ‘సమయ్2 డాట్ ఎన్‌ఐసీ డాట్ ఇన్’. సమయ్ అన్నది ఎస్, ఏ, ఎం, ఏ, వై అక్షరాలు, వెంటనే ఖాళీ లేకుండా అంకె. సంస్థలు తమ కంప్యూటర్ల గడియారాలను ఈ రెండు సంస్థల సర్వర్లకు గాని, వాటితో అనుసంధానమైన సర్వర్లకు గాని కలుపుకోవాలని 2022 ఏప్రిల్ 28న కంప్యూటర్ల భద్రతను చూసే కేంద్ర ప్రభుత్వ సంస్థ సెర్ట్-ఇన్ ఆదేశాలు జారీచేసింది. కాబట్టి కళాశాలలు, కంపెనీ కార్యాలయాలు వీటినే పెట్టుకోవడం మేలు.

6. తేదీ రాసే పద్ధతి

గడియారం సరిగా ఉన్నా, తేదీ ‘నెల, రోజు, సంవత్సరం’ వరుసలో కనిపిస్తే మరొక రకం నష్టం. 05-06 అన్నది జూన్ 5 కావాలి. అమెరికా పద్ధతిలో అది మే 6 అవుతుంది. ఎక్సెల్‌లో చెరువువారీగా మేత లెక్కలు రాసుకునేవారికి ఇది ప్రాణసంకటం, ఎందుకంటే 12వ తేదీ దాకా ఎక్సెల్ మౌనంగా తప్పు తేదీని తీసుకుంటుంది. 13 నుంచి దాన్ని తేదీగానే గుర్తించదు. సగం తేదీలు గడిలో కుడివైపుకు, సగం ఎడమవైపుకు జరిగి ఉంటే కారణం ఇదే.

దీనికి ‘టైమ్ అండ్ లాంగ్వేజ్’లో ‘రీజియన్’ విభాగానికి వెళ్లి, ‘రీజినల్ ఫార్మాట్’ను ‘ఇంగ్లిష్ (ఇండియా)’ గాని ‘తెలుగు (ఇండియా)’ గాని చేయండి. దీన్ని కొత్త ఫైలు మొదలుపెట్టకముందే చేయాలి. అప్పటికే తప్పుగా ఎక్కిన తేదీలు వాటంతట అవి మారవు. ఒక్కొక్కటీ చూసి దిద్దుకోవలసిందే.

7. లినక్స్, మ్యాక్, రెండు సిస్టమ్‌లు ఉన్న యంత్రాలు

మ్యాక్‌లో ‘సిస్టమ్ సెట్టింగ్స్’, ‘జనరల్’, ‘డేట్ అండ్ టైమ్’. ఆటోమేటిక్ టైము ఆన్ చేసి, జోన్ కింద దగ్గరి నగరంగా భారతీయ నగరాన్ని ఎంచుకుంటే సరిపోతుంది.

లినక్స్‌లో ఒక రకమైన ఉబుంటులో ‘సెట్టింగ్స్’లో ‘డేట్ అండ్ టైమ్’ తెరిచి, టైమ్ జోన్ వెతికే చోట కోల్‌కతా అని ఇంగ్లిషులో టైపు చేయండి. లినక్స్‌లో మన జోన్ పేరు ‘ఏషియా/కోల్‌కతా’. పాత ప్రోగ్రాముల్లో ‘ఏషియా/కలకత్తా’ అని కనిపించినా అది దీనికే పాత పేరు; మార్చనక్కర్లేదు.

అసలు చిక్కు ఒకే యంత్రంలో విండోస్, లినక్స్ రెండూ ఉన్నప్పుడు. ఇంజనీరింగ్ విద్యార్థులు ఎక్కువగా అడిగేది ఇదే. మదర్‌బోర్డు మీద ఉండే గడియారాన్ని విండోస్ స్థానిక కాలంగా చదువుతుంది. లినక్స్ యూటీసీగా చదువుతుంది. అందువల్ల లినక్స్ వాడి విండోస్‌లోకి వస్తే టైము ఐదున్నర గంటలు వెనక్కి, విండోస్ వాడి లినక్స్‌లోకి వెళ్తే ఐదున్నర గంటలు ముందుకు కనిపిస్తుంది. ఒకవైపు దిద్దితే రెండోవైపు చెడుతుంది.

రెండింటిలో ఒకదాన్ని రెండోదాని దారిలోకి తేవాలి. సులువైనది లినక్స్ వైపు మార్చడం. టెర్మినల్ తెరిచి, ముందు ‘సుడో’, ఖాళీ, ‘టైమ్‌డేట్‌సీటీఎల్’, ఖాళీ, ‘సెట్ హైఫన్ లోకల్ హైఫన్ ఆర్‌టీసీ’, ఖాళీ, అంకె 1 అని ఇంగ్లిషు చిన్న అక్షరాల్లో టైపు చేసి ఎంటర్ నొక్కండి. తరువాత విండోస్‌లోకి వెళ్లి ఒకసారి సింక్ చేయండి. ఈ పద్ధతి మీద లినక్స్ ఒక హెచ్చరిక చూపిస్తుంది. ఆ హెచ్చరికలో ముఖ్యమైన భయం వేసవి కాలపు గంట మార్పు గురించి. ఆ మార్పు మన దేశంలో లేదు కనుక ఇక్కడ నిశ్చింతగా వాడుకోవచ్చు.

8. కరెంటు పోయిన ప్రతిసారీ తేదీ వెనక్కి పోతుంటే

మదర్‌బోర్డు మీద రూపాయి బిళ్ళలాంటి బ్యాటరీ ఒకటి ఉంటుంది. డెస్క్‌టాప్‌లలో దాదాపు అన్నిటిలో దాని రకం సీఆర్2032, 3 వోల్టులు. ప్లగ్‌లో కరెంటు ఉన్నంతసేపు మదర్‌బోర్డు మీది గడియారానికి ఈ బ్యాటరీతో పెద్దగా పని పడదు. స్విచ్ కట్టేసినప్పుడే ఇది మోస్తుంది. మన డెల్టాలో ఉరుములు మెరుపులకు భయపడి రాత్రుళ్లు ప్లగ్ తీసేసే అలవాటు ఎక్కువ. అక్టోబరు నుంచి డిసెంబరు దాకా తుపానుల రోజుల్లో గంటల తరబడి కరెంటు ఉండదు. ప్లగ్ తీయడం మంచి అలవాటే, మానవద్దు. బ్యాటరీ కొన్నేళ్లకు ఒకసారి మార్చుకోవలసిన వస్తువని గుర్తుంచుకుంటే చాలు.

బ్యాటరీయే కారణమని తేల్చుకోవడానికి: టైము సరిగా పెట్టి, కంప్యూటరును ఆపి, ప్లగ్ తీసి, రాత్రంతా వదిలేయండి. ఉదయం ఇంటర్నెట్ కేబులు తీసి, వైఫై లేకుండా ఆన్ చేయండి. తేదీ పాతకాలానికి వెళ్లినా, ఆన్ చేయగానే ఎఫ్1 నొక్కమని నల్లని తెర వచ్చినా బ్యాటరీ మార్చాలి. ఇంటర్నెట్ తీయకపోతే విండోస్ ఈలోగా టైమును దిద్దుకుని లోపాన్ని కప్పేయవచ్చు.

విప్పకముందు:

• విండోస్‌లో బిట్‌లాకర్ (డిస్కులోని ఫైళ్లకు తాళం వేసే సదుపాయం) ఆన్‌లో ఉంటే దాని రికవరీ కీ రాసి పెట్టుకోండి. బ్యాటరీ తీస్తే బయోస్ (విండోస్ కన్నా ముందు నడిచే, మదర్‌బోర్డులోని ప్రోగ్రాము) సెట్టింగులు పోయి, ఆన్ చేసినప్పుడు ఆ కీ అడగవచ్చు. కీ లేకపోతే మీ ఫైళ్లు మీకే అందవు.
• ఆన్ చేస్తూ డిలీట్ గాని, ఎఫ్2 గాని నొక్కి బయోస్‌లోకి వెళ్లి, బూట్ వరుస, హార్డ్‌డిస్క్ మోడ్ కనిపించే పేజీలకు ఫోనుతో ఫొటోలు తీయండి.
• ల్యాప్‌టాప్ అయితే విప్పవద్దు. వాటిలో బ్యాటరీ తీగతో అతికి, లోపల ఎక్కడో ఉంటుంది; దుకాణానికి ఇవ్వండి.

విప్పడం:

ప్లగ్ తీసి, పవరు బటన్‌ను కొన్ని సెకన్లు నొక్కి పట్టుకోండి. మిగిలిన కరెంటు దిగిపోతుంది. పక్క రేకు తీసి, క్యాబినెట్ ఇనుప భాగాన్ని ఒకసారి చేత్తో ముట్టుకుని, బ్యాటరీ ఏ ముఖం పైకి ఉందో ఫొటో తీయండి. సాధారణంగా ప్లస్ గుర్తు పైకి ఉంటుంది. పక్కనున్న చిన్న క్లిప్‌ను గోటితోనో, ప్లాస్టిక్ పుల్లతోనో వెనక్కి నొక్కితే బిళ్ళ పైకి లేస్తుంది. స్క్రూడ్రైవరుతో పెకలించవద్దు, కింద ఉన్న పల్చని రేకు వంగిపోతే కొత్త బ్యాటరీ కూడా అంటుకోదు.

ఇక్కడే ఆ రేకును దగ్గరగా చూడాలి. అంతర్వేది, ఉప్పాడ వంటి సముద్రపు ఒడ్డు ఊళ్లలోని కంప్యూటర్లలో ఉప్పుగాలికి ఆ రేకు అంచున లేతాకుపచ్చని, తెల్లని పొడి పేరుకోవచ్చు. అలా ఉంటే బ్యాటరీ కొత్తది వేసినా వారంలో మళ్లీ తేదీ పోతుంది, దుకాణంవాడు పాత సరుకు ఇచ్చాడని అనుకుంటాం. పొడిగా ఉన్న పాత టూత్‌బ్రష్‌తో ఆ పొడిని తుడిచి, మొబైల్ రిపేరు దుకాణాల్లో దొరికే ఐసోప్రొపైల్ ఆల్కహాలును దూది పుల్లకు తడిపి రుద్ది, పూర్తిగా ఆరనివ్వండి. నీళ్లు, కొబ్బరినూనె, సెంటు స్ప్రేలు వాడవద్దు.

కొత్త బ్యాటరీని అంచులు పట్టుకుని పెట్టండి. మల్టీమీటరు ఉంటే ముందే కొలవండి. కొత్తది 3 వోల్టులు గాని కాస్త ఎక్కువ గాని చూపాలి. తీసిన పాత బిళ్ళను బల్ల మీద వదలవద్దు. చిన్నపిల్లలు మింగితే గొంతులో, అన్నవాహికలో గంటల్లో కాలిన గాయాలవుతాయి, ప్రాణానికే ముప్పు. దాని రెండు ముఖాలకూ టేపు అంటించి, పిల్లలకు అందని చోట పెట్టి, ఎలక్ట్రానిక్ చెత్త తీసుకునేవారికి ఇవ్వండి.

తరువాత బయోస్‌లో తేదీ, టైము పెట్టండి. అక్కడ చాలావాటిలో నెల ముందు, రోజు తరువాత ఉంటుంది. టైము 24 గంటల లెక్కలో ఉంటుంది. విండోస్ ఒక్కటే ఉన్న యంత్రమైతే మన టైమే ఎక్కించాలి. ఫొటోలు చూసి మిగతా సెట్టింగులు సరిచేసి, సేవ్ చేసి బయటికి రండి. ఆపై 4వ అంశంలోని అడుగులు మొదటి నుంచి.

9. గడియారం సరైన తరువాత వెనక్కి తిరిగి చూడవలసినవి

టైము తప్పుగా ఉన్న రోజుల్లో జరిగిన పనులు ఆ తప్పుతోనే మిగిలి ఉంటాయి. వాటిని ఆరోజే చూసుకోండి.

• బిల్లులు, వోచర్లు: తప్పు తేదీతో పడినవి ఉన్నాయా? ఉంటే మీ లెక్కలు చూసే ఆడిటరును అడిగి సవరించండి, తోచినట్టు చెరిపివేయవద్దు.
• బ్యాకప్: రేపటి తేదీ పడిన ఫైలు ‘కొత్తది’గా లెక్కకు వస్తుంది, దాని మీద ఈరోజు ఫైలు ఎక్కకపోవచ్చు. ఒకసారి చేత్తో పూర్తి బ్యాకప్ తీయండి.
• బ్రౌజరు: బ్యాంకు, జీఎస్టీ సైట్లు తెరిచి చూడండి. ‘మీ గడియారం వెనకబడి ఉంది’ అనే అర్థం వచ్చే హెచ్చరిక పోయి ఉండాలి. గడియారం సరిగా ఉన్నా హెచ్చరిక వస్తుంటే ముందుకు వెళ్లవద్దు; అప్పుడు అనుమానించవలసింది ఆ సైటును.
• కంప్యూటరును పూర్తిగా ఆపి, ప్లగ్ తీసి, కాసేపటికి ఆన్ చేసి టైము చూడండి. రీస్టార్ట్ మాత్రమే చేస్తే బ్యాటరీ పరీక్ష జరగదు.

పాత తేదీ బిల్లు కోసం కంప్యూటరు తేదీనే వెనక్కి తిప్పే పద్ధతి కొన్ని దుకాణాల్లో ఉంది. దయచేసి అది మానండి. ట్యాలీలో ఎఫ్2 నొక్కితే వోచరు తేదీ మారుతుంది. ఇతర సాఫ్ట్‌వేర్లలోనూ ఆ గడి ఉంటుంది. యంత్రం తేదీ తిప్పితే ఆ ఒక్క బిల్లే కాదు, ఆ సమయంలో సేవ్ అయిన ప్రతి ఫైలూ తప్పు ముద్ర వేసుకుంటుంది.

10. అమెరికాలో, గల్ఫ్‌లో ఉన్నవారి టైము కావాలంటే

పిల్లలతో మాట్లాడే వేళ తెలుసుకోవడానికి జోన్ మార్చవద్దు. కంట్రోల్ ప్యానెల్ ‘డేట్ అండ్ టైమ్’లో ‘అడిషనల్ క్లాక్స్’ ట్యాబ్ ఉంది. అక్కడ మరో రెండు గడియారాలు పెట్టి, ‘దుబాయ్’, ‘న్యూజెర్సీ’ అని పేర్లు రాసుకోవచ్చు. మౌస్‌ను గడియారం మీద నిలిపితే మూడూ కనిపిస్తాయి. దుబాయ్ ఎప్పుడూ మనకు గంటన్నర వెనుక. న్యూజెర్సీ మార్చి రెండో ఆదివారం నుంచి నవంబరు మొదటి ఆదివారం దాకా తొమ్మిదిన్నర గంటలు, మిగతా కాలం పదిన్నర గంటలు వెనుక. ఈ మార్పును కంప్యూటరే చూసుకుంటుంది.

జాతకాలు వేసేవారికీ ఇదే మాట. విదేశంలో పుట్టిన బిడ్డ జాతకానికి సాఫ్ట్‌వేర్‌లోనే పుట్టిన ఊరు, ఆ ఊరి జోన్ ఇవ్వాలి. కంప్యూటరు జోన్ కదపకూడదు. స్థానిక సూర్యోదయం కోసం గడియారాన్ని నాలుగు నిమిషాలు జరిపే పని కూడా వద్దు. మన కాలమానానికి ఆధారమైన 82 డిగ్రీల 30 నిమిషాల తూర్పు రేఖాంశం కాకినాడకు కాస్త తూర్పుగా పోతుంది. భీమవరానికి ఆ రేఖతో సగటు తేడా సుమారు నాలుగు నిమిషాలు, అమలాపురానికి రెండు. ఊరి అక్షాంశ రేఖాంశాలు ఇస్తే సాఫ్ట్‌వేర్ ఆ లెక్క తానే కడుతుంది.

11. సీసీ కెమెరాల డీవీఆర్

చెరువుగట్టు మీద, రైసుమిల్లులో పెట్టిన డీవీఆర్‌కు, అంటే కెమెరా దృశ్యాలను రికార్డు చేసే పెట్టెకు, తన గడియారం తనదే. కంప్యూటరులో దిద్దితే అందులో మారదు. దొంగతనం జరిగిన రాత్రి ఫుటేజీ పోలీసులకు ఇవ్వవలసి వచ్చినప్పుడు అందులో టైము రెండున్నర గంటలు ముందుకు ఉందంటే, చాలావరకు జోన్ జీఎంటీ+8లో (డీవీఆర్‌లలో యూటీసీని జీఎంటీ అని రాస్తారు), అంటే చైనా కాలమానంలో, ఉండిపోయిందని అర్థం. మెనూలో ‘సిస్టమ్’, ‘జనరల్’ కింద జోన్‌ను జీఎంటీ+05:30 చేయండి, ‘డీఎస్‌టీ’ అనేది (వేసవి కాలపు గంట మార్పు) ఆపివేయండి, తరువాత తేదీ, టైము దిద్ది, ‘ఎన్‌టీపీ’ (ఇంటర్నెట్ ద్వారా టైము సరిచూసుకోవడం) ఆన్ చేయండి. ఇంటర్నెట్ లేని డీవీఆర్ అయితే నెలకొకసారి ఫోనుతో పోల్చి దిద్దుకోండి.

దిద్దిన రోజు, గంట, అంతకుముందు ఉన్న తేడా ఒక పుస్తకంలో రాసి ఉంచండి. పాత ఫుటేజీ ఎప్పుడైనా చూడవలసి వస్తే, అసలు టైము ఎంతో ఆ ఒక్క వరుసను బట్టే లెక్కకట్టగలరు.